బయనిహాన్: ఫిలిప్పీన్స్ పల్లెల్లో పరస్పర సాయం

బయనిహాన్ అంటే ఒక ఇంటివాళ్ల పనిని ఊరివాళ్లంతా కలిసి, కూలి పుచ్చుకోకుండా చేసిపెట్టే ఫిలిప్పీన్స్ పల్లె ఆచారం. మాట తగలోగ్ భాషది. ఆ భాషలో ‘బాయన్’ అంటే ఊరు, దేశం కూడా. ‘బయానీ’ అంటే వీరుడు. బయనిహాన్ మొదటి మాట నుంచి వచ్చిందనే వాళ్లున్నారు, రెండో మాట నుంచి వచ్చిందనే వాళ్లూ ఉన్నారు. ఏడువేలకు పైగా దీవులు, నూరుకు పైగా భాషలు ఉన్న ఆ దేశంలో ఈ ఆచారానికి పేరు మాత్రం ఒకటే ఉండదు. ఇలోకానో వాళ్లు తగ్నావా అంటారు. పనాయ్ దీవిలో దగ్యావ్, లెయ్తేలో తిక్లోస్. ఉత్తరాన తుఫాన్ల దారిలో ఉండే బతానెస్ దీవుల్లో, మందపు రాతిగోడల ఇళ్ల పైకప్పులు ఊరు కూడి నేసుకునే ఇవతాన్‌లు యారు అంటారు. తగలోగ్ రాజధాని ప్రాంతపు భాష కావడంతో దాని మాటే దేశమంతటికీ పేరుగా నిలిచింది.

ఈ ఆచారాన్ని ఉత్త మంచితనంగా చూస్తే సగమే అర్థమవుతుంది. దీని వెనక ఒక లెక్క ఉంది. ఎవరు ఎవరి పొలానికి వచ్చారు, ఎవరి చావుకు ఎవరు ఎంత ఇచ్చారు అన్నది ఊరు మరిచిపోదు. ఆ జ్ఞాపకమే ఈ సాయాన్ని ఇన్ని తరాలు నిలబెట్టింది.

ఇల్లు మోయడం

బయనిహాన్ అనగానే ఫిలిప్పీన్స్‌లో అందరి మనసులో మెదిలే బొమ్మ ఒకటుంది: ఇరవై మందో, ఇంకా ఎక్కువమందో మగవాళ్లు ఒక ఇంటిని భుజాల మీద మోసుకుపోవడం. అది బహాయ్ కూబో. గుంజల మీద నేలకు ఎత్తుగా కట్టిన ఇల్లు. వెదురు చట్రం, వెదురు తడికల గోడలు, నీపా ఆకుల కప్పు. నీపా అంటే ఉప్పునీటి మడుగుల ఒడ్డున పెరిగే తాటిజాతి మొక్క. గాలి కిందినుంచి ఆడుతుంది, వరద వస్తే నీళ్లు ఇంటి కిందినుంచే పోతాయి. ఇంటి కింది చోటును సీలొంగ్ అంటారు. కోళ్లు, వంటచెరకు, పనిముట్లు అక్కడే.

ఇంత తేలికైన ఇంటికి ఇంకో సుగుణం ఉంది. స్థలం మారాల్సి వస్తే ఇంటిని విప్పనక్కర్లేదు. సామాను బయట పెడతారు. నేల కింది చట్రానికి నిలువుగా, అడ్డంగా పొడుగాటి వెదురు బొంగులు కడతారు. గుంజలు నేలలోంచి పెకలిస్తారు. ఒకడు ముందు నిలబడి లెక్కపెడితే అందరూ ఒక్కసారి లేపి భుజాలకు ఎత్తుకుంటారు. అడుగులు కలవకపోతే బొంగు జారుతుంది, ఒకవైపు కుంగితే చట్రం విరుగుతుంది. అందుకే ముందు నడిచేవాడి కేక మీదే అందరి ధ్యాస. కొత్తచోట ఇల్లు దించాక ఇంటివాళ్లు అందరికీ భోజనం పెడతారు. కూలి ఇస్తామనడం మర్యాద కాదు. భోజనం పెట్టకపోవడమూ మర్యాద కాదు.

ఈ దృశ్యాన్ని అంగోనో ఊరి చిత్రకారుడు కార్లోస్ ‘బోతోంగ్’ ఫ్రాన్సిస్కో (1912–1969), వరినాట్ల చిత్రాలకు పేరుపడ్డ ఫెర్నాండో అమోర్సోలో (1892–1972) లాంటివాళ్లు గీశారు. 1957లో మనీలాలో పుట్టిన బయనిహాన్ జానపద నృత్యబృందం ఆ పేరును దేశాలు దాటించింది. ఆ సంస్థకు 1965లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అయితే సిమెంటు దిమ్మెలతో, రేకులతో కట్టిన ఇళ్లు పెరిగాక మోయడానికి ఇల్లే లేకుండా పోయింది. ఇప్పుడు ఇల్లు మోయడం పల్లెల్లో అరుదు. గోడల మీది బొమ్మల్లో, పండగ ప్రదర్శనల్లోనే ఎక్కువ. ఆచారం బతికి ఉన్న చోట్లు వేరే ఉన్నాయి, అవి బొమ్మలకు అంతగా ఎక్కలేదు.

పొలంలో

మొదటిది పొలం. దుక్కి రోజుల్లో తగలోగ్ రైతులు తమ తమ గేదెలతో, నాగళ్లతో ఒకరి పొలానికి ఒకరు వెళ్లి దున్నిపెట్టే పద్ధతిని సూయువన్ అంటారు. మన పల్లెల్లో బదులు పని అనేది ఇదే. 1961లో సామాజిక శాస్త్రవేత్త మేరీ హోల్న్‌స్టైనర్ పల్లపు ఫిలిప్పీన్స్‌లోని ఇచ్చిపుచ్చుకోళ్లను మూడు రకాలుగా విడదీసి చూపారు. మొదటి రకానికి ఆమె ఇచ్చిన ఉదాహరణ ఈ దుక్కిబదులే. ఎంత పని తీసుకున్నామో అంత తిరిగి చేస్తే లెక్క చెల్లు. రెండో రకంలో ఎప్పుడు తీర్చాలన్నది ఎవరూ అనరు, కానీ సందర్భం వస్తే తీర్చాల్సిందే. మూడో రకం ఎన్నటికీ తీరనిది. ఈ రెండూ చావింటి దగ్గర కనిపిస్తాయి, అక్కడ మళ్లీ చెప్పుకుందాం.

ఉత్తరాన కొండల్లో ఇఫుగావ్ జాతివాళ్లు మెట్లమెట్లుగా చెక్కిన వరిమళ్లు 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ మళ్ల గట్లు ఒక కుటుంబం నిలబెట్టుకోగలిగేవి కావు. పైమడి గట్టు తెగితే కిందిమళ్లన్నీ కొట్టుకుపోతాయి. కాబట్టి అక్కడ పొరుగువాడికి సాయపడటం అంటే తన మడిని కాపాడుకోవడమే. వాళ్లు దీన్ని ఉబ్బు అంటారు. కోతలప్పుడు ఆడవాళ్లు హుద్‌హుద్ పాడతారు. ఒకరు ముందు పాడితే మిగతావాళ్లు అందుకుంటారు. రెండువందలకు పైగా కథలున్న ఆ గానాన్ని మొత్తం పాడితే రోజులు పడుతుందని చెబుతారు.

లగూనా జిల్లా వరిపల్లెల కథ ఇంకా లోతైనది. అక్కడ హునూసన్ అనే పద్ధతి ఉండేది. ఒకరి పొలం కోతకొస్తే ఊళ్లో ఎవరైనా వెళ్లి కోయవచ్చు. నువ్వు రావద్దు అనే హక్కు రైతుకు లేదు. కోసినవాళ్లకు పంటలో ఆరో వంతు. భూమిలేని ఇంటికి ఏడాది గింజలు అలా చేరేవి. ఇది దానం అనిపించుకోకుండానే ఊరి అడుగుపొరను ఆకలి నుంచి కాచిన ఏర్పాటు.

అదే లగూనాలోని లోస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలిసింది. 1966లో అక్కడినుంచి ఐఆర్-8 వంగడం వచ్చింది. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి ‘మిస్టర్ ఐఆర్-8’ అని పేరు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో మన డెల్టాలో పండిన వరికి పుట్టిల్లు ఆ పల్లెల పొరుగే. ఆ పల్లెల్లో మాత్రం కొత్త వంగడాలు, కొత్త కాలవలు పాత లెక్కను కదిలించాయి. దిగుబడి పెరిగేసరికి ఆరో వంతు అంటే మామూలు కూలి కంటే బాగా ఎక్కువ అయింది. రైతు ఆ వంతును తగ్గించలేదు, తగ్గిస్తే ఊరు ఊరుకోదు. బదులుగా గామా అనే మెలిక వచ్చింది. ముందు కూలి లేకుండా కలుపు తీసినవాళ్లకే కోతలో ఆరో వంతు. పైకి వంతు అంతే ఉంది, కింద పని పెరిగింది, తలుపు అందరికీ కాక కొందరికే తెరుచుకుంది. యుజిరో హయామి, మసావో కికుచి అనే జపాన్ ఆర్థికవేత్తలు ఒకే ఊరికి ఏళ్లతరబడి తిరిగి తిరిగి వెళ్లి ఈ మార్పును లెక్కలతో నమోదు చేశారు. ఊరి మర్యాద ఎంత బలమైనదో, దాన్ని గీత దాటకుండానే ఎలా వంచవచ్చో, రెండూ ఈ ఉదంతంలో ఉన్నాయి. ఆచారం పేరు అలాగే ఉండి లోపలి న్యాయం మారిపోవడం అన్నింటికంటే నిశ్శబ్దంగా జరిగే నష్టం.

సంహేరా

వాయవ్యాన ఇలోకోస్ నార్తేలో రైతులు సొంతంగా నడుపుకునే కాలవ సంఘాలున్నాయి. వాటిని సంహేరా అంటారు. స్పెయిన్ పాలనకాలం నుంచి నడుస్తున్నవి. ఏటికి అడ్డంగా వెదురు, కొయ్య, కొమ్మలు, రాళ్లు, ఇసుకతో ఆనకట్ట వేస్తారు. పెద్దవాన వస్తే అది కొట్టుకుపోతుంది. మళ్లీ వేస్తారు. ఒకే ఏడు ఒకటికంటే ఎక్కువసార్లు కొట్టుకుపోయే సంవత్సరాలూ ఉంటాయి. ప్రతి సభ్యుడూ తన వాటాకు తగ్గ రోజులు పనికి రావాలి, తన వంతు వెదురు, కర్ర తేవాలి. రాకపోతే జరిమానా. ఒక్కొక్కరి పొలం కాలవ తలదగ్గర కొంత, తోకదగ్గర కొంత ఉండేలా చీలికలుగా పంచుతారు. నీళ్లు తక్కువైన ఏడు ఆ కష్టం అందరికీ సమంగా తగలాలని ఈ ఏర్పాటు. సంఘం పెద్దలకు జీతానికి బదులు కొంత పొలం సాగుకిస్తారు, అదికూడా చాలాచోట్ల కాలవ తోకన. చివరికి నీళ్లు చేరకపోతే మొదట ఎండేది పెద్దమనిషి పొలమే.

ఉమ్మడి వనరుల మీద చేసిన పనికి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ 1990 నాటి తన పుస్తకంలో ఈ సంహేరాలను దీర్ఘకాలం నిలిచిన సంస్థలకు ఉదాహరణగా తీసుకున్నారు.

చావింటి దగ్గర

ఊరి మనసు తెలియాలంటే లామాయ్‌కి వెళ్లాలి. మనిషి పోయాక ఖననం దాకా జరిగే జాగారం అది. మూడు రాత్రులు, ఏడు రాత్రులు, పరాయిదేశంలో ఉన్న కొడుకో కూతురో రావాలంటే ఇంకా ఎక్కువ. శవాన్ని ఒంటరిగా వదలరు. వాకిట్లో తాత్కాలిక పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, కాఫీ, బిస్కెట్లు, పుచ్చగింజలు. ఒకపక్క పేకాట. రాత్రంతా మనుషులు మేలుకుని ఉండాలంటే ఏదో ఒక కాలక్షేపం కావాలి కదా. పేకాట పందెంలో కొంత భాగం తీసి ఇంటివాళ్లకిస్తారు, దాన్ని తోంగ్ అంటారు. బయటివాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల చేతిలో నాలుగు పైసలు పెట్టడానికి ఊరు వెదుక్కున్న దారి అది.

దానితోపాటు అబులోయ్. వచ్చినవాళ్లు ఇచ్చే డబ్బు. చాలా ఇళ్లలో ఒక నోటుపుస్తకంలో పేరు, మొత్తం రాసుకుంటారు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఎందుకు దాచుకుంటామో ఇదీ అందుకే. రేపు ఆ ఇంట్లో అవసరం పడితే పుస్తకం తీసి చూడాలి. హోల్న్‌స్టైనర్ చెప్పిన రెండో రకం ఇదే. తేదీ లేదు, పత్రం లేదు, ఎగవేత మాత్రం లేదు. చాలా పేటల్లో దమాయన్ అనే సంఘాలు కూడా ఉన్నాయి. సభ్యుడి ఇంట చావు జరిగితే ప్రతి ఇంటివాళ్లూ ఇంతని ఒక మొత్తం ఇస్తారు, పెట్టె, పూడ్చే ఖర్చు దానితో గట్టెక్కుతుంది. బతికున్నవాళ్ల అవసరాలకు పలువాగన్ ఉంది. పదిమంది నెలనెలా సమంగా వేసుకుని వంతులవారీగా ఒకరు మొత్తం తీసుకుంటారు. పాట ఉండదు, వడ్డీ ఉండదు. పాట లేని చిట్టీ అనుకుంటే సరిపోతుంది.

మూడో రకం అప్పు పేరు ఉతంగ్ నా లోఓబ్. ‘లోపలి అప్పు’ అని అక్షరార్థం. ప్రాణం కాపాడినవాళ్లకు, కష్టకాలంలో బిడ్డను చదివించినవాళ్లకు మనిషి పడే ఋణం. డబ్బుతో తీరదు, తరం మారినా తీరదు. అది లేనివాడు అంటే కృతఘ్నుడని, అంతకంటే పెద్ద తిట్టు పల్లెలో లేదు. 1970లలో వర్జిలియో ఎన్రికెజ్ ఫిలిప్పీన్స్ మనస్తత్వశాస్త్రాన్ని సొంత భాషలోంచి కట్టాలని పూనుకున్నప్పుడు అన్నింటికీ మూలంగా పట్టుకున్న మాట కాప్వా. మన సాటిమనిషి దానికి దగ్గరగా వస్తుంది. ఎదుటివాడు, నేను వేరు కాదన్న ఎరుక అందులో ఉందని ఆయన వివరించారు. ఈ ఋణభావానికి చీకటి పక్కా ఉంది. ఎన్నికలప్పుడు ఆసుపత్రి బిల్లు కట్టిన నాయకుడికి ఓటు వేయకపోతే తప్పుచేసినట్టు కుమిలే పేదవాడు ఆ పల్లెల్లో ఉన్నాడు.

బరాంగాయ్, బలవంతపు పని

ఫిలిప్పీన్స్ పాలనలో అట్టడుగు మెట్టు బరాంగాయ్. దేశంలో దాదాపు 42 వేలున్నాయి. బలంగాయ్ అనే పడవ పేరునుంచి ఆ పేరు వచ్చిందంటారు. సముద్రం దాటి వచ్చిన ఒక పడవలోని చుట్టాలే ఒక ఊరుగా స్థిరపడ్డారని తలపు. 1976లో బుతువాన్ దగ్గర తవ్వకాల్లో ఆ పాత పడవలు బయటపడ్డాయి. స్పెయిన్ కాలంలో ఊరిపేట బారియో అయింది, 1974లో మళ్లీ బరాంగాయ్ అయింది. 1991 స్థానిక పాలన చట్టం దానికి నేటి రూపం ఇచ్చింది. పెద్ద, ఏడుగురు సభ్యులు, యువజన ప్రతినిధి. ఇరుగుపొరుగు తగువులు కోర్టుకెక్కకముందే సర్దడానికి పదినుంచి ఇరవై మందితో ఒక రాజీ సంఘం కూడా ఉంటుంది.

స్పెయిన్ పాలకులు ఊరి ఉమ్మడి పనిని తమ అవసరానికి మలుచుకున్నారు. 16 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు ఏడాదికి 40 రోజులు పని చేసిపెట్టాలి. దీన్ని పోలో అనేవారు. చర్చీలు, దారులు, ఓడలకు కలప నరకడం ఆ పనులు. డబ్బు కట్టగలిగినవాడు తప్పించుకున్నాడు. 1884లో ఆ రోజులను 15కు తగ్గించారు. రెండు పనుల్లోనూ అదే ఊరివాళ్లు, అదే భుజాలు. ఒకదానిలో పిలిచింది పొరుగువాడు, రెండోదానిలో ఠాణా. 1832లో లుక్బాన్‌లో అపోలినారియో దె ల క్రూస్ కట్టిన సాన్ హోసె సమాజం నెలనెలా చిన్న చందా, కలిసి ప్రార్థన, కలిసి భోజనం అన్న పద్ధతిలో సాగింది. స్థానికుల కోసం స్థానికులు కట్టుకున్న ఆ బృందాన్ని పాలకులు భరించలేదు. 1841లో సైన్యం దాన్ని చెదరగొట్టింది, నాయకుడికి మరణశిక్ష వేసింది.

బయటినుంచి వచ్చే దానం

తగలోగ్‌లో దానధర్మానికి వేరే మాట ఉంది, కవాంగ్గవా. పైనుంచి కిందికి వచ్చే సాయం అది. పారిష్ చర్చి, వైద్య శిబిరాలు, పరాయిదేశాల్లో స్థిరపడిన ఊరివాళ్లు, ఆ పల్లెల్లో పెళ్లాడి ఉండిపోయిన విదేశీయులు క్రిస్మస్‌కు పంచే బియ్యం సంచులు, పిల్లల బడిసంచులు, అన్నీ ఈ కోవలోవే. విదేశాల్లో పనిచేసే వాళ్లు 2023లో ఇంటికి పంపిన సొమ్ము 3,700 కోట్ల డాలర్లు దాటింది. అది ముందు సొంత ఇంటికి, అందులో కొంత చర్చి గంటకూ బడి పైకప్పుకూ పండగ ఖర్చుకూ చేరుతుంది. గల్ఫ్‌లో, అమెరికాలో మనవాళ్లున్న ఊళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇందులో చిక్కల్లా జాబితా దగ్గరే. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది ఏళ్లు గుర్తుంటుంది. ఊరి పెద్దలతో కూర్చోకుండా బయటివాడు తన ఇష్టంగా పంచితే, ఇచ్చిన సంచికంటే మిగిల్చిన కక్ష బరువవుతుంది. 1952లో జేమ్స్ యెన్ తోడ్పాటుతో మొదలైన ఫిలిప్పీన్స్ గ్రామ పునర్నిర్మాణ ఉద్యమం ఈ సంగతి ముందే పట్టుకుంది. ఊళ్లో ఉండు, వాళ్లతో కలిసి పనిచెయ్యి, వాళ్లకు తెలిసినదాంతో మొదలుపెట్టు అన్నది ఆ ఉద్యమం దారి. పేదలకు ఇళ్లు కట్టే గవాద్ కలింగా సంస్థ ఇల్లు పొందేవాళ్లను ఇటుకలు మోయడంలో, పొరుగింటి గోడ కట్టడంలో భాగం చేసింది. దానికి 2006లో మెగసెసే పురస్కారం వచ్చింది.

ప్రభుత్వం కూడా ఈ మాటను చేతికి తీసుకుంది. 2003 నుంచి బడులు తెరిచేముందు తల్లిదండ్రులు, ఊరివాళ్లు కలిసి తరగతి గదులు కడిగి, బెంచీలు బాగుచేసి, రంగులు వేసే బ్రిగాదా ఎస్క్వేలా జరుగుతోంది. పల్లె ఆరోగ్యాన్ని మోసేది ఎక్కువగా ఆడవాళ్లైన బరాంగాయ్ ఆరోగ్య కార్యకర్తలు. 1995 చట్టం వాళ్ల భత్యాలను గుర్తించింది కానీ వాళ్ల పని ఇప్పటికీ ఎక్కువపాలు స్వచ్ఛంద సేవే. 2020 కోవిడ్ కాలంలో తెచ్చిన రెండు చట్టాల పేర్లలోనూ బయనిహాన్ ఉంది. జీతం ఇవ్వాల్సిన చోట, మందు కొనాల్సిన చోట ఈ పేరు చెప్పి తప్పుకుంటే అది ఆచారానికి అన్యాయం. 2021 ఏప్రిల్ 14న మనీలా పక్కన కేజోన్ నగరంలో మగిన్హావా వీధిలో ఆనా పట్రీషియా నాన్ ఒక వెదురు బండి పెట్టి, ఉన్నవాళ్లు పెట్టండి, కావలసినవాళ్లు తీసుకోండి అని రాసి ఉంచారు. కొన్ని రోజుల్లోనే దేశమంతటా పల్లెలదాకా అలాంటి బళ్లు వెలిశాయి. రైతులు మిగిలిన కూరగాయలు, జాలర్లు చేపలు తెచ్చి పెట్టారు.

తుఫాను ముందు

ఏటా ఇరవై దాకా తుఫాన్లు ఫిలిప్పీన్స్ పరిధిలోకి వస్తాయి. 2013 నవంబరు 8న విరుచుకుపడ్డ యోలాండా అధికారిక లెక్క ప్రకారమే 6,300 మందిని బలితీసుకుంది. సెబూకు తూర్పున కమోతెస్ దీవుల్లో సాన్ ఫ్రాన్సిస్కో పట్టణం ఉంది. అక్కడ 2004 నుంచి బరాంగాయ్‌ని ఇంకా చిన్న పూరోక్‌లుగా, అంటే పేటలుగా విడదీసి నడుపుతున్నారు. ప్రతి పూరోక్‌కూ సొంత నాయకులు, ఇళ్లవాళ్లు కొద్దికొద్దిగా వేసుకున్న ఉమ్మడి నిధి. చెత్త వేరుచేయడం లాంటి చిన్న పనులతో మొదలైన కూడిక అది. 2011లో ఐక్యరాజ్యసమితి విపత్తుల తగ్గింపుకు ఇచ్చే ససకావా పురస్కారం ఆ ఊరికి వచ్చింది.

ఆ పట్టణం కింద తులాంగ్ దియోత్ అనే చిన్న దీవి ఉంది. యోలాండా వస్తోందని తెలిశాక పూరోక్ నాయకులు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. తుఫాను రాకముందే దీవిలోని వెయ్యిమందీ పెద్ద దీవికి చేరుకున్నారు. దీవి మీది ఐదువందల ఇళ్లలో ఒక్కటీ మిగలలేదు. మనుషుల్లో మాత్రం ఒక్కరూ చనిపోలేదు.